సూది ఎరగని గొర్రె

2022 నవంబరులో మచిలీపట్నంలోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో సీనియర్ మైక్రోబయాలజిస్టుగా చేరాను. గుంటూరులో ప్రభుత్వోద్యోగం ముగిశాక ఒప్పుకున్న చివరి పోస్టింగు అది. నా కింద టెక్నీషియన్ మస్తాన్. పై అంతస్తులో పిల్లల వార్డుకు అధికారి డాక్టర్ శైలజ. వయసులో నాకంటే చాలా చిన్నది. మాటలో మాత్రం ఎవరికీ చిన్నది కాదు.

మైక్రోబయాలజిస్టు రోగిని చూడని డాక్టరు. రోగి దగ్గర్నుంచి వచ్చే కఫం, చీము, రక్తం, వెన్నునీరు మాత్రమే అతని దగ్గరికి వస్తాయి. వాటిలో దాగిన సూక్ష్మజీవికి తిండి పెట్టి, పెంచి, దాని పేరేమిటో, ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో వార్డుకు చెప్పాలి. ఆ తిండి పళ్ళేన్నే మేము ప్లేటు అంటాం. దానిమీద ఏదీ మొలవకపోతే రిపోర్టులో "నో గ్రోత్" అని రాస్తాం.

చేరిన మొదటి వారంలోనే శైలజ లాబొరేటరీకి దిగివచ్చింది.

"సార్, మీ ల్యాబుకు ఒక రబ్బరు స్టాంపు చేయించండి. నో గ్రోత్ అని. మీకు రాసే శ్రమ తప్పుతుంది, మాకు చదివే శ్రమ తప్పుతుంది."

నేను లేచి నిలబడి, ఆవిడ వెళ్ళేదాకా అలాగే నిలబడ్డాను. ఆవిడ అన్నది నిజం. న్యుమోనియాతో వచ్చిన పిల్లల చీమును రంగువేసి మైక్రోస్కోపు కింద పెడితే ఊదారంగులో జంటలు జంటలుగా, దీపపు కొసల్లా మొనదేలిన గుండ్రటి సూక్ష్మజీవులు స్పష్టంగా కనబడేవి. న్యూమోకాకస్. పిల్లల ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు పట్టే జబ్బుల్లో దీని వాటా పెద్దది. కంటికి కనబడిన ఆ జీవే మర్నాడు ప్లేటు మీద ఆనవాలు లేకుండా పోయేది. పేరు ఊహించగలం. మందు ఊహించలేం. అక్కడే చిక్కు.

న్యూమోకాకస్ సుకుమారమైన జాతి. రక్తం కలిపిన అగార్ అనే జెల్లీ మీద తప్ప సరిగా పెరగదు. గాలిలో బొగ్గుపులుసు వాయువు కాస్త ఎక్కువ ఉండాలి. అందుకని ప్లేట్లను పెద్ద గాజు జాడీలో పేర్చి, పైన చిన్న కొవ్వొత్తి వెలిగించి మూత బిగిస్తాం. కొవ్వొత్తి తనంతట తాను ఆరిపోయేసరికి లోపలి గాలి దానికి సరిపడేట్టు తయారవుతుంది. మస్తాన్ ఈ పనులన్నీ శ్రద్ధగానే చేసేవాడు. తేడా రక్తంలో ఉంది. మేము వాడుతున్నది గడువు తీరిన బ్లడ్ బ్యాంకు సంచుల్లోని మనిషి రక్తం. చాలా లాబొరేటరీల్లో జరిగేదే. కాని మనిషి రక్తంలో ఈ క్రిమిని ఎదిరించే పదార్థాలుంటాయి. దాత వేసుకున్న మందులు కూడా ఉండవచ్చు. శాస్త్రం చెప్పేది గొర్రె రక్తం. హైదరాబాదు నుంచి తయారు ప్లేట్లు తెప్పిస్తే దారిలో ఎండి, బీటలు వారి చేరాయి. యాజమాన్యం చూద్దామంది. నేను చూడదలచుకోలేదు. గొర్రె కావాలి, అంతే.

గొర్రెలు మచిలీపట్నం పక్కనే గూడూరు మండలంలో ఉన్నాయి. అక్కడే ఒకప్పుడు మా కుటుంబానికి మాగాణి ఉండేది. దాయాదుల వ్యాజ్యాలు కొంత, భూపరిమితి కొంత, ఉప్పెన కొంత మింగాక నా తరానికి ఇంటిపేరు మిగిలింది. దాన్ని పట్టుకుని ఎవరినీ ఏదీ అడగకుండా నలభై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఇప్పుడు మా పాత పొలాల గట్టు మీద నిలబడి నెత్తురు అడగాల్సి వచ్చింది.

మంద యజమాని కోటయ్య. కోతలు అయ్యాక మందను రాత్రిళ్ళు పొలంలో నిలిపితే గొర్రెల పెంటతో నేల బలపడుతుంది. దాన్ని మంద కట్టడం అంటారు. కోటయ్య తాత మా పొలాల్లో మంద కట్టేవాడు. నన్ను చూడగానే కోటయ్య తలగుడ్డ తీసి భుజాన వేసుకున్నాడు.

"బాబుగారూ, కబురంపితే నేనే వచ్చేవాణ్ణి కదండీ! మీ తాతగారి మనిషి వస్తే మా తాత కంచం ముందు నుంచి లేచి పరిగెత్తేవాడంట."

"మంద కట్టించడానికి ఇప్పుడు పొలం లేదు కోటయ్యా. నాకు గొర్రె నెత్తురు కావాలి."

పాక లోపలి నుంచి అతని భార్య గొంతు వినబడింది. "నెత్తురా? పొలాలు పోయినా పెద్దింటోళ్ళ కోరికలు పోలేదే!"

కోటయ్య నవ్వు దాచుకోవడానికి మొహం పక్కకు తిప్పుకున్నాడు. నేను తిప్పుకోలేదు. గొర్రెను చంపనక్కర్లేదని, మెడ దగ్గర సిర నుంచి కొద్దిగా తీస్తామని, అది వెంటనే మేతకు వెళ్ళిపోతుందని, ఆ నెత్తురు మీద పిల్లల జబ్బు క్రిమిని పెంచుతామని వివరించాను. కోటయ్య తలగుడ్డ మళ్ళీ చుట్టుకుంటూ అన్నాడు:

"అయితే మా గొర్రె పిల్లల ఆసుపత్రికి రక్తదానం చేసినట్టేనండీ."

అంతకంటే బాగా నేనూ చెప్పలేను.

వారం తిరక్కుండా పశువైద్యుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. మందులేమైనా వాడావా అని పశువైద్యుడు అడిగితే కోటయ్య రొమ్ము విరుచుకుని, నా గొర్రెలకు జబ్బే లేదు, మందెందుకండీ అన్నాడు. మెడ మీది బొచ్చు కత్తిరించి, స్పిరిటుతో తుడిచి, సూదితో రక్తం తీసి, గాజుపూసలు వేసిన ఫ్లాస్కులోకి పట్టాం. ఫ్లాస్కును ఆపకుండా తిప్పుతుంటే గడ్డకట్టే పీచు పూసలకు చుట్టుకుంటుంది, రక్తం నీళ్ళలా నిలుస్తుంది. గొర్రె లేచి విదిలించుకుని గడ్డి కొరికింది. ఆ సాయంత్రానికి మా బల్ల మీద ప్లేట్లు దానిమ్మ గింజల రంగులో మెరిశాయి. మస్తాన్ ఒకదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టుకుని, "సార్, నాకే తినాలనిపిస్తోంది, క్రిమి ఊరుకుంటుందా?" అన్నాడు.

మర్నాడే హాసిని వచ్చింది.

ఏడాది దాటిన పాప. నాగాయలంక అవతల రొయ్యల చెరువుల గట్టు మీద కాపలా ఉండే దంపతుల బిడ్డ. తల్లి దుర్గ పుట్టిల్లు గుడివాడ. కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ చీము పట్టి పాప ఎగశ్వాస తీస్తోంది. శైలజ వెంటనే ఛాతీలోకి గొట్టం వేసింది. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే తీసిన చీము నా బల్ల మీదికి వచ్చింది. రంగువేసి చూశాను. ఊదా జంటలు! ఇంత దట్టంగా అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. కొత్త ప్లేట్ల మీద గీశాం. పక్కనే మరో ప్లేటు మీద, గుంటూరు నుంచి తెచ్చుకున్న, పేరు తెలిసిన న్యూమోకాకస్‌ను గీశాం. దీన్ని కంట్రోలు అంటాం. ప్లేటు మంచిదైతే ఇది పెరిగి తీరాలి. మిగిలిన కాస్త చీమును పాలపొడి, గ్లిజరిన్ కలిపిన ట్యూబులో వేసి డీప్ ఫ్రీజరులో దాచాను.

పొద్దున జాడీ మూత తీశాం. పాప ప్లేటు ఖాళీ. కంట్రోలు ప్లేటూ ఖాళీ.

మస్తాన్ నీరుగారిపోయాడు. "గొర్రె కూడా నో గ్రోతే సార్."

నేను మాత్రం కంట్రోలు ప్లేటునే చేతిలోకి తీసుకున్నాను. పాప క్రిమి పెరగకపోతే వంద కారణాలు చెప్పవచ్చు. ఏళ్ళ తరబడి నా చేతుల్లో పెరిగి, ఇదే జాడీలో పాత ప్లేట్ల మీద పలచగానైనా మొలిచిన కంట్రోలు కూడా చచ్చిందంటే, తప్పు క్రిమిది కాదు, జాడీది కాదు, మస్తాన్‌ది కాదు. ఆ గొర్రె రక్తంలో దాన్ని చంపేది ఏదో ఉంది.

వెంటనే శైలజ దగ్గరికి వెళ్ళాను. ఆవిడకు అంతకంటే పెద్ద కష్టం వచ్చిపడింది. మందుకు లొంగని రకమేమోనన్న భయంతో సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్‌కు తోడు వాంకోమైసిన్ ఇస్తోంది. మొండి క్రిముల మీద చివరి ఆయుధం లాంటి మందు, కాని మూత్రపిండాలను దెబ్బతీయగలదు. పాపకు మూత్రం తగ్గింది. రక్తపరీక్ష కూడా అదే చెబుతోంది.

"ఆపితే క్రిమి మిగులుతుందేమోనని భయం. ఆపకపోతే కిడ్నీలు పోతాయని భయం. డోసు తగ్గించి రెండు మూడు రోజులు నెట్టుకొస్తాను సార్. ఈలోగా అది దేనికి లొంగుతుందో మీరు చెప్పాలి. ఈసారి మాత్రం స్టాంపు వేసి పంపకండి."

"పంపను," అన్నాను.

ఫ్రీజరులో దాచిన చీము ఒకసారికి సరిపోతుంది. దాన్ని మళ్ళీ అనుమానపు ప్లేటు మీద గీసే ప్రశ్నే లేదు. పశువైద్యుణ్ణి, మస్తాన్‌ను కారెక్కించుకుని గూడూరు వైపు బయల్దేరాను.

కోటయ్య కాలవ గట్టున మందను మేపుతున్నాడు. మందేమీ వేయలేదన్నావు, మళ్ళీ ఆలోచించి చెప్పు అన్నాను. ఈసారీ వేయలేదనే అన్నాడు. నేను ప్రశ్న మార్చాను. మేము రాకముందు ఆ గొర్రెకు ఏం చేశావు?

అతని మొహం వెలిగింది.

"అదా అండీ! మీకిచ్చే నెత్తురు కదా, నీరసం గొర్రెది ఇస్తానా? మీరొచ్చేరోజు తెల్లారే బలానికి సూది పొడిచానండీ. మంచి కంపెనీ సూది."

"మందు వేశావా అంటే లేదన్నావేం?"

"మందంటే జబ్బుకి కదండీ. ఇది బలానికి!"

పాకలోకి వెళ్ళి ఖాళీ సీసా తెచ్చి చూపించాడు. పెన్సిలిన్ కుటుంబపు మందు. పశువైద్యుడు తల పట్టుకున్నాడు. నేను పగలబడి నవ్వాను. ఇంటిపేరు గౌరవించి చేసిన ఆ మర్యాద మా ప్లేట్ల నిండా పెన్సిలిన్ పరిచింది. దానిమీద న్యూమోకాకస్ మొలిస్తేనే ఆశ్చర్యం.

సూది ఎరగని గొర్రె ఒక్కటైనా ఉందా అని అడిగాను. కోటయ్య గట్టు చివరికి వేలు చూపించాడు. నల్ల మూతి, వేలాడే చెవులు, మందకు దూరంగా ఒంటరి మేత.

"అదొక్కటేనండీ. మా ఇంట్లో దాన్ని మహారాణి అంటాం. ఎప్పుడూ పట్టుబడదు, అందుకే ఇంతవరకు సూది పడలేదు. మీ ఇంటోళ్ళకు మల్లే దానికీ మెడ వంగదు!"

"అయితే మేమిద్దరం మాట్లాడుకుంటాం పద," అన్నాను.

ఆ తర్వాత జరిగింది నా హోదాకు తగినది కాదు. మస్తాన్ ఒకవైపు, కోటయ్య మరోవైపు తరిమితే మహారాణి పశువైద్యుడి కాళ్ళ సందునుంచి దూరి నా మీదికే వచ్చింది. ఇస్త్రీ చొక్కాతో అడ్డంగా పడి వెనకకాలు అందుకున్నాను. అది నన్ను కాలవ బురద దాకా ఈడ్చింది, నేను వదల్లేదు. కోటయ్య భార్య గట్టు మీద నడుం మీద చేతులు పెట్టుకుని, "బాబుగారూ, పట్టు వదలమాకండి! మీ మావయ్యగారు ఇట్టాగే పీటల మీద పొలం కాగితం పట్టుకున్నారంట, అదీ పోయింది!" అని కేకేసింది. పొలం కాగితం చేతికిస్తేనే తాళి కడతానని మా మేనమామ పెళ్ళిపీటల మీద చేసిన గొడవ ఆ ఊళ్ళో ఇంకా బతికే ఉందని అప్పుడే తెలిసింది. పట్టు మాత్రం వదల్లేదు.

ఆసుపత్రికి చేరగానే మస్తాన్ మహారాణి రక్తంతో ప్లేట్లు పోయడం మొదలుపెట్టాడు. చొక్కా మార్చుకుని నేను పై అంతస్తుకు వెళ్ళాను. కోటయ్య మాట చెవిలో గింగురుమంటోంది. దుర్గ చేర్చేటప్పుడు పాపకు మందులేమీ వాడలేదని చెప్పింది. నేను రోగుల బంధువులతో మాట్లాడే డాక్టర్ని కాను. అయినా స్టూలు లాక్కుని కూర్చుని, మందుల సంగతి వదిలేసి, జలుబు చేసినప్పుడల్లా పాపకు ఏం పట్టించేవాళ్ళని అడిగాను.

"మందులేం లేవండీ. అవనిగడ్డ వెళ్ళినప్పుడు మెడికల్ షాపులో మూడురోజుల సీసా తెచ్చుకునేవాళ్ళం, అంతే. పొడిలో నీళ్ళు కలుపుకుంటాం చూడండీ, అది. జలుబుకి, దగ్గుకి, పళ్ళొచ్చేటప్పుడూ అదే. మా అత్తగారు ఎప్పుడూ ఒకటి ఇంట్లో ఉంచుతుంది."

అజిత్రోమైసిన్. యాంటీబయాటిక్. ఆ ఇంట్లో దాన్ని మందుల లెక్కలో వేయలేదు. క్రిమి మాత్రం వేసుకుని ఉంటుంది. పదే పదే తగిలే మందుకు అలవాటుపడిన క్రిములే బతికి పెరుగుతాయి. ఈ సీసాకు అది లొంగదని నాకు అప్పుడే అనిపించింది. కాని మా వృత్తిలో అనిపించడం రిపోర్టు కాదు.

"టీకాలు వేయించారా అమ్మా?"

"ఎందుకు వేయించలేదండీ! గుడివాడలో పుట్టింది, అక్కడ నర్సమ్మ మొదటివన్నీ వేసింది. మూడో నెల పడగానే సారె పెట్టి అత్తారింటికి పంపేశారు. ఇక్కడ నర్సమ్మ అడిగితే గుడివాడలో వేయించామని చెప్పాం."

"తర్వాతవి?"

"అక్కడ వేశారు కదండీ..." అని ఆగిపోయింది. ఆ తల్లి మొహంలో సందేహం అప్పుడే మొదలైంది. "ఇంకా ఉంటాయాండీ?"

న్యూమోకాకస్ టీకా ప్రభుత్వ పట్టికలో ఉంది. ఆరో వారంలో ఒకటి, పద్నాలుగో వారంలో రెండోది, తొమ్మిదో నెలలో మూడోది. కాన్పుకు పుట్టింటికి వెళ్ళిన పిల్లను బిడ్డతో సహా మూడో నెలలోనో ఐదో నెలలోనో పంపడం మా వైపు ఆనవాయితీ. సరిగ్గా ఒక డోసుకూ మరో డోసుకూ మధ్య బిడ్డ ఊరు మారుతుంది. గుడివాడలో బిడ్డ వెళ్ళిపోయిందనుకున్నారు, నాగాయలంకలో టీకాలు అయిపోయాయనుకున్నారు. ఎవరూ అబద్ధమాడలేదు.

కొత్త ప్లేట్లను మామూలుగా అయితే ఒక రాత్రి ఖాళీగా ఉంచి, కల్తీ లేదని తేలాకే వాడతాం. అంత వ్యవధి లేదు. ఒక ఖాళీ ప్లేటు సాక్షిగా పెట్టి, ఫ్రీజరులోని చీమును నా చేత్తోనే గీశాను. పక్కన కంట్రోలు. జాడీలో కొవ్వొత్తి వెలిగించి మూత బిగించాం.

పొద్దున మస్తాన్ నాకంటే ముందే వచ్చాడు. కాని జాడీ ముట్టుకోలేదు. నేను వచ్చాక మూత తీశాడు. ముందు ఖాళీ ప్లేటు చూశాం, శుభ్రంగా ఉంది. తర్వాత కంట్రోలు, నిండుగా మొలిచింది. పాప ప్లేటు నా చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరికి నడిచాను.

పచ్చటి నీడ! ఎర్రటి ప్లేటు మీద గీసిన దారంతా చిన్న చిన్న మచ్చలు, ఒక్కోదాని చుట్టూ పాచిరంగు వలయం. కొన్నిటి నడుమ, అప్పడాల పిండి ఉండను వేలితో నొక్కినట్టు, చిన్న గుంట. పాఠ్యపుస్తకంలో ఉండే బొమ్మ ఇది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చూశాను. కాని బందరులో, ఒక బిడ్డ ప్రాణం ముడిపడి ఉండగా చూడటం వేరు. మస్తాన్ నా భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేశాడు. "పర్వాలేదు వెయ్యి," అన్నాను.

ఇంకా పని ఉంది. ఆప్టోచిన్ అనే చిన్న బిళ్ళ పెడితే న్యూమోకాకస్ దాని దరికి రాదు, పోలికలో దగ్గరి జాతులు వస్తాయి. పిత్త లవణం చుక్క తగిలితే కరిగిపోతుంది. పేరు ఖాయం చేయడానికి ఇవి రెండూ. అదే వేళ మందుల బిళ్ళలు పెట్టాం. పెన్సిలిన్ సంగతి తేల్చడానికి ఆక్సాసిల్లిన్ బిళ్ళ, అజిత్రోమైసిన్ సంగతి తేల్చడానికి ఎరిత్రోమైసిన్ బిళ్ళ. బిళ్ళ చుట్టూ క్రిమి మొలవని ఖాళీ వలయాన్ని స్కేలుతో కొలుస్తాం. ఆ రోజు శైలజ రెండుసార్లు కిందికి వచ్చింది. జాడీని చూసి వెళ్ళిపోయింది.

మర్నాడు స్కేలు పట్టుకున్నాను. ఆప్టోచిన్ చుట్టూ ఖాళీ. క్రిమి పేరులో సందేహం లేదు. ఎరిత్రోమైసిన్ బిళ్ళను ఆనుకుని క్రిమి దర్జాగా పెరిగింది. మూడురోజుల సీసా దాన్ని ఏమీ చేయలేదు. ఆక్సాసిల్లిన్ బిళ్ళ చుట్టూ మాత్రం విశాలమైన మైదానం. కొలిచాను. మస్తాన్‌తో కొలిపించాను. మళ్ళీ కొలిచాను. హద్దు దాటి చాలా దూరం ఉంది.

రిపోర్టు టైపు అయ్యేదాకా ఆగలేదు. మెట్లెక్కుతూనే చెప్పాను: "పెన్సిలిన్‌కు లొంగుతుందమ్మా! మామూలు పెన్సిలిన్‌కు! వాంకోమైసిన్ ఆపెయ్యి."

శైలజ ప్లేటు అందుకుని చూసి, నర్సును పిలిచి ఆ నిమిషమే ఆపించింది. తర్వాత నావైపు తిరిగి, "స్టాంపు రద్దు సార్," అంది.

పాప మూత్రం మెల్లగా పెరిగింది. చీము తగ్గింది, జ్వరం దిగింది, గొట్టం తీశారు. డిశ్చార్జి వేళ దుర్గ ఒక్కటే అడిగింది, ఆ తప్పిన సూదులు ఇప్పుడు వేయవచ్చా అని. మొదటి డోసు ఏడాది లోపు పడింది కాబట్టి మిగతావి ఇవ్వడానికి వీలుందని, ఒంట్లో బాగుపడ్డాక తప్పక వేయించమని శైలజ చెప్పింది. క్రిమిని పెద్ద లాబొరేటరీకి పంపాం. కొంతకాలానికి జవాబు వచ్చింది: టీకా అడ్డుకోగల రకమే.

ఆ శీతాకాలంలో మహారాణి రక్తం మీద న్యూమోకాకస్ మళ్ళీ మళ్ళీ మొలిచింది. కొన్ని పెన్సిలిన్‌కు లొంగాయి, కొన్ని లొంగలేదు. మూడురోజుల సీసాకు లొంగనివే ఎక్కువ కనబడ్డాయి. ఏ బిడ్డకు ఏ మందో విడివిడిగా తేల్చి చెప్పగలిగాం. ఆ క్రిమి బందరుకు కొత్తగా వచ్చింది కాదు. మా ప్లేట్లకు కొత్త.

ఈ వ్యవహారం నుంచి రెండు నియమాలు పెట్టుకుని, ఉద్యోగం వదిలేదాకా పాటించాను. బతికి ఉన్న కంట్రోలు పక్కన లేకుండా ఏ ఖాళీ ప్లేటునూ నమ్మకూడదు. మందులు వాడారా అని ఎవరినీ అడగకూడదు. ఒంట్లో బాగోలేనప్పుడు ఇంట్లో ఏం చేశారని అడిగి, వాళ్ళు చెప్పేది పూర్తయ్యేదాకా వినాలి.